క్యాంపింగ్ బండికి డిష్ ఎంపిక: బండి నీడలో, డిష్ ఎండలో

టెంపో ట్రావెలర్‌నో, పాత మినీ బస్సునో పడకలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించి క్యారవాన్‌గా మార్చుకుని, సెలవులు కలిసొచ్చినప్పుడు తలకోన వైపో, హార్సిలీ హిల్స్‌కో, పులికాట్ తీరానికో ఇంటిల్లిపాదినీ తీసుకుని బయలుదేరే వారికి, తక్కిన ఏర్పాట్లన్నీ పూర్తయ్యాక మిగిలే ప్రశ్న టీవీ. రాత్రి తొమ్మిదింటికి సీరియల్ చూడకపోతే నిద్రపట్టని పెద్దవాళ్లు, క్రికెట్ మ్యాచ్ వదులుకోలేని పిల్లలు ఒకే బండిలో ఉంటారు కనుక దీన్ని చిన్న విషయమని తీసిపారేయడానికి వీల్లేదు. హైవే మీద ఉన్నంతసేపు ఫోన్ ఇంటర్నెట్‌తో పని గడిచిపోతుంది. కానీ శేషాచలం అడవి లోపలికి దిగాక ఆ సిగ్నల్‌ను నమ్ముకోలేము. ఆకాశం కనబడే ప్రతి చోటా పనిచేసేది డిష్ ఒక్కటే.

అయితే ఏ డిష్ కొనాలన్న దానికి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా భాగం అమెరికా, యూరప్‌లలో క్యారవాన్ వాడేవారి కోసం రాసినవి. వాటిని యథాతథంగా పాటిస్తే మన దగ్గర డబ్బు ఎక్కువై, బొమ్మ తక్కువవుతుంది. కారణం వాతావరణమూ కాదు, కంపెనీలూ కాదు. మన నెత్తిన ఉపగ్రహం నిలిచే చోటే వేరు.

టీవీ ప్రసారాల ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున, నేల మీద నుంచి చూసేవారికి కదలకుండా ఉన్నట్టు తిరుగుతుంటాయి. భూమధ్యరేఖకు మనం ఎంత దగ్గరగా ఉంటే అవి మనకు అంత నడినెత్తికి చేరువగా ఉంటాయి. లండన్‌లో ఉన్నవారు తమ టీవీ ఉపగ్రహాన్ని నేలమట్టం నుంచి సుమారు 25 డిగ్రీల ఎత్తులో వెతుక్కోవాలి. తిరుపతి 13.6 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కనుక, దూరదర్శన్ వారి ఉచిత సర్వీసు డీడీ ఫ్రీ డిష్ ప్రసారమయ్యే జీశాట్-15 ఉపగ్రహం మనకు 67 డిగ్రీల ఎత్తున, ఇంచుమించు సరిగ్గా ఆగ్నేయంలో, అంటే ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కపెడితే 133 డిగ్రీల దిక్కున నిలుస్తుంది. వాస్తు ప్రకారం వంటగది ఉండాల్సిన మూల ఏదో తెలిసినవారికి ఈ దిక్కు వేరే చూపించక్కరలేదు. టాటా ప్లే ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాయి కనుక అవి ఇంకా పైన, 73 డిగ్రీల ఎత్తున, దాదాపు దక్షిణంలోనే ఉంటాయి, తూర్పు వైపు 15 డిగ్రీలే జరిగి. డీ2హెచ్‌కు 71, డిష్ టీవీకి 66 డిగ్రీలు. వీటన్నిటికన్నా కిందికి ఉండేది ఎయిర్‌టెల్: దాని ఉపగ్రహం 108.2 డిగ్రీల రేఖాంశం మీద ఉండడం వల్ల మనకు 53 డిగ్రీల ఎత్తున, తూర్పుకు దగ్గరగా కనిపిస్తుంది. (జీశాట్-15 మన ఇస్రో చేసిందే అయినా, పక్కనే ఉన్న శ్రీహరికోట నుంచి కాక, 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరు నుంచి ఏరియేన్-5 రాకెట్ మీద వెళ్లింది.)

ఈ అంకెల వల్ల ఎంపికలో తేలే విషయం ఒకటుంది. లండన్‌లో దూరాన ఉన్న చెట్ల వరస కూడా డిష్‌కు అడ్డం వస్తుంది కనుక అక్కడ యాంటెనాను బండి కప్పు మీదికి, వీలైనంత ఎత్తుకు చేర్చడం మంచి సలహా. ఇక్కడ దూరపు చెట్టుతో పేచీ లేదు, కొండతోనూ లేదు. తిరుపతి ఊరికి కొండలు ఉత్తరాన ఉన్నాయి, మనం చూడాల్సిన ఆకాశం దక్షిణ ఆగ్నేయాల్లో ఉంది. తలకోన లాంటి లోయలో సైతం ఆగ్నేయపు కొండ 67 డిగ్రీల ఎత్తుకు లేచి అడ్డుపడాలంటే మనం నిటారు బండరాయి మొదట్లో నిలబడి ఉండాలి. లెక్క ఇలా ఉంటుంది: డిష్ కన్నా పది మీటర్లు ఎత్తున్న చెట్టుకు ఫ్రీ డిష్ అయితే నాలుగున్నర మీటర్లు, టాటా ప్లే అయితే మూడు మీటర్ల పైచిలుకు ఎడం వదిలి నిలబెడితే చాలు, ఎయిర్‌టెల్‌కు మాత్రం ఏడున్నర మీటర్లు కావాలి. ఈ దూరాన్ని మాను మొదటి నుంచి కాక, కొమ్మల అంచు నుంచి కొలుచుకోవాలి.

కాబట్టి మనకున్న అడ్డు ఒక్కటే, నెత్తిమీది కొమ్మ. మన ఎండల్లో బండిని ఎక్కడ ఆపుతామో వేరే చెప్పాలా? చిత్తూరు పక్క మామిడి తోటలోనైనా, పలమనేరు దారిలో చింతచెట్టు కిందైనా నీడ చూసుకునే ఆపుతాము. ఆ నీడనిచ్చే ఆకులే డిష్‌కు అందే సిగ్నల్‌ను మింగేస్తాయి, వాన పడి ఆకులు తడిగా ఉంటే మరీను. బండి కప్పు మీద యాంటెనా బిగించుకున్నవారు టీవీ కోసం బండిని ఎండలో పెట్టి, లోపల ఏసీ వేసుకుని, దానికి జనరేటరు నడుపుకోవలసి వస్తుంది. అందుకని ఈ ప్రాంతంలో ఎక్కువ మందికి సరిపడేది బండి నుంచి విడిగా, మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టి, పదిహేను ఇరవై మీటర్ల కేబుల్‌తో కలుపుకునే మామూలు డిష్. ధరలోనూ అన్నిటికన్నా చవకైనది అదే.

కప్పు మీద బిగించే రకాలు

అయినా కప్పు మీది యాంటెనా కావాలనుకునే వారుంటారు, వారి కారణాలు వారికుంటాయి. ఇవి ముఖ్యంగా రెండు రకాలు. బండి కదులుతుండగానే ఉపగ్రహాన్ని వెంటాడుతూ తిరిగే, గుమ్మటం లాంటి మూత ఉన్న యాంటెనా ఒకటి, బండి ఆపాక మీట నొక్కితే తానే లేచి ఉపగ్రహాన్ని వెతుక్కునేది రెండోది. మొదటిదాని ధర లక్షల్లో ఉంటుంది. ఘాట్ రోడ్డు మీద, చెట్ల గొడుగు కింద అది ఎటూ పనిచేయదు కనుక దూరప్రయాణాల అద్దె బస్సుల వారికి తప్ప కుటుంబానికి అవసరమని నేననుకోను. రెండోది మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఇద్దరే తిరిగే బండికి, రోజుకో ఊరు మారేవారికి, ఎక్కువగా పెట్రోలు బంకుల ఆవరణల్లో, పులికాట్, నేలపట్టు లాంటి ఆరుబయలు చోట్ల ఆగేవారికి సమంజసమైన ఖర్చే.

కొనే ముందు మాత్రం నాలుగు సంగతులు రాతపూర్వకంగా తేల్చుకోవాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చి ఇచ్చేది ఎంత మంచి కంపెనీదైనా ఇక్కడికి పనికిరాదు. అక్కడి డీటీహెచ్ ప్రసారాలు వృత్తాకార ధ్రువణంలో (తరంగం గుండ్రంగా తిరుగుతూ వచ్చే పద్ధతిలో), వేరే ఫ్రీక్వెన్సీల్లో వస్తాయి, యాంటెనా జ్ఞాపకంలో అక్కడి ఉపగ్రహాలే ఉంటాయి. యూరప్ రకాల్లోని ఎల్ఎన్‌బి (ప్లేటు ముందు కొసన సిగ్నల్‌ను అందుకునే చిన్న డబ్బా) మనకు సరిపోతుంది గానీ, వాటి జాబితాలో జీశాట్-15 గానీ 83 డిగ్రీల స్థానం గానీ ఉందో లేదో, లేకపోతే చేర్చుకోవచ్చో లేదో అడగాలి. మూడోది అమ్మేవారు సాధారణంగా చెప్పనిది: ఆ యంత్రం ఎంత ఎత్తు కోణం వరకు తల ఎత్తగలదు? చల్లని దేశాల కోసం చేసిన యంత్రాలకు 70 డిగ్రీల పైకి లేవవలసిన అవసరం రాదు, మనకు టాటా ప్లే కావాలంటే 73 తప్పనిసరి. నాలుగోది ప్లేటు సైజు. గుమ్మటంలో ఇమిడేందుకు 45 సెంటీమీటర్ల ప్లేటు పెడితే, దాని వైశాల్యం మన ఇళ్ల మీద ఉండే 60 సెంటీమీటర్ల ప్లేటులో సగం కన్నా కొంచెమే ఎక్కువ. ఎండ కాసినంతసేపు తేడా తెలియదు, ఈశాన్య రుతుపవనాలు దిగే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం బొమ్మ మాటిమాటికీ చిట్లిపోతుంది. ఇవి కాక, కప్పు మీద ఏది బిగించినా బండి ఎత్తు మారుతుంది. రైల్వే అండర్‌బ్రిడ్జిల ముందు ఉండే ఇనుప అడ్డుకమ్మీలను, రిజిస్ట్రేషన్ కాగితంలో రాసిన కొలతలను గుర్తుపెట్టుకోవాలి.

ఏ సర్వీసు తీసుకోవాలి

ఏడాదికి ఐదారుసార్లు మాత్రమే బండి తీసేవారికి డీడీ ఫ్రీ డిష్ చాలు. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అన్న పేరుతో మొదలైన ఈ సర్వీసుకు నెలసరి చందా లేదు, బాక్సు ఒకసారి కొంటే సరి. అందులో దూరదర్శన్ సప్తగిరి ఉంటుంది గానీ, ప్రైవేటు తెలుగు చానళ్లు తక్కువ కనుక ఫలానా సీరియలే కావాలనే వారున్న ఇంట్లో దీనితో శాంతి దొరకదు. బాక్సు కొనేటప్పుడు ఎంపెగ్-4 రకమే అడగాలి, పాత ఎంపెగ్-2 బాక్సులో కొన్ని చానళ్లు రావు.

ఇంట్లో ఇప్పటికే చందా కడుతున్న బాక్సు ఉంటే దాన్నే బండిలో పెట్టుకోవడం రెండో దారి. మన దేశపు డీటీహెచ్ ప్రసారం దేశమంతటికీ ఒకటే కనుక, తిరుపతి బాక్సు కుప్పంలోనూ హైదరాబాదులోనూ పనిచేస్తుంది, మారేది డిష్ కోణమే. వేరే చోట వాడుకోవడంపై కంపెనీ నిబంధన ఏమిటో కస్టమర్ కేర్‌లో ఒకమాట అడిగి పెట్టుకోవడం మంచిది. శ్రీవారి సేవలు చూడాలనుకునే వారు ఎస్వీబీసీ తాము తీసుకునే ప్యాకులో ఉందో లేదో ముందే చూసుకోవాలి. సర్వీసు ఎంచుకోవడానికి ఇంకా తేల్చుకోనివారు తోటల్లో, అడవి అంచుల్లో ఆగే అలవాటు ఉంటే ఉపగ్రహం ఎత్తుగా ఉన్నదాన్ని తీసుకోవడం తెలివైన పని, ఎందుకంటే చెట్ల మధ్య చిన్న కంత దొరికినా దానికి సరిపోతుంది.

ప్లేటు, ఎల్ఎన్‌బి, స్టాండు

ఇంటి మీది డిష్‌ను ప్రతిసారీ విప్పి తీసుకెళ్లడం వృథా ప్రయాస, బండికి వేరే ప్లేటు ఉండాలి. 60 సెంటీమీటర్ల ప్లేటు మామూలు రోజుల్లో సరిపోతుంది. బండిలో చోటుంటే 75 సెంటీమీటర్లది తీసుకుంటే వైశాల్యం ఒకటిన్నర రెట్లకు పైగా పెరిగి, వానలో అదనంగా కాసేపు నిలబడుతుంది. 90 సెంటీమీటర్లది మోయడానికీ బరువే, హార్సిలీ హిల్స్ గాలికి తెరచాపలా తిరగబడుతుంది కూడా.

డీటీహెచ్ మానేసినవారి ప్లేట్లు పాత ఇనుప సామాను కొట్లలో కారుచవకగా దొరుకుతాయి, వాటిని కొనడంలో తప్పేమీ లేదు. కాకపోతే వంకర పోయిన ప్లేటు కంటికి బాగానే కనిపించి సిగ్నల్ దగ్గర మోసం చేస్తుంది. దాన్ని కొట్టులోనే పరీక్షించవచ్చు. రెండు దారాలు తీసుకుని, ఒకదాన్ని ప్లేటు అంచు పై కొస నుంచి కింది కొసకు, రెండోదాన్ని ఎడమ అంచు నుంచి కుడి అంచుకు బిగుతుగా లాగి కట్టాలి. మధ్యలో దారాలు రెండూ ఒకదానినొకటి తాకీ తాకనట్టుగా ఆనుకోవాలి. వాటి మధ్య వేలు దూరేంత సందు వచ్చినా, ఒకటి మరొకదాన్ని నొక్కి వంచుతున్నా ఆ ప్లేటు మెలితిరిగిందని అర్థం. ఒత్తి చూస్తే వంగే ప్లేటును, తుప్పు పట్టి బోల్టులు తిరగని బ్రాకెట్‌ను వదిలేయాలి. బ్రాకెట్ మీద డిగ్రీల గీతలు చెరిగిపోకుండా ఉండడం ధర కన్నా ముఖ్యం.

ఎల్ఎన్‌బి విషయంలో యూనివర్సల్ రకం తీసుకోవాలి. ముందు బెర్తు దగ్గర ఒకటి, వెనక ఒకటి చొప్పున రెండు టీవీలు పెట్టేవారు రెండు మూతుల ఎల్ఎన్‌బి తీసుకోవాలి. ఒక్క కేబుల్‌కు స్ప్లిటర్ పెట్టి రెండు బాక్సులకు ఇస్తే ఒకరు చానల్ మార్చినప్పుడు రెండోవారి బొమ్మ పోతుంది. ఎల్ఎన్‌బిని దాని పట్టీలో ఎంత పక్కకు తిప్పి బిగించాలన్నదాన్ని ఫిట్టింగ్ చేసేవారు స్క్యూ అంటారు. ఉత్తర దేశాల్లో ఇది తక్కువ. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ పెరుగుతుంది కనుక, లెక్క ప్రకారం జీశాట్-15కు తిరుపతిలో అది 45 డిగ్రీల దాకా వస్తుంది, 83 డిగ్రీల ఉపగ్రహాలకు 15 లోపే. దీన్ని పట్టించుకోకుండా ఎల్ఎన్‌బిని నిటారుగా బిగిస్తే, సిగ్నల్ బలంగా ఉందని చూపిస్తూనే చానళ్లు సరిగా రావు. ఒకసారి సరిగ్గా కుదిరాక ఎల్ఎన్‌బి మీద, పట్టీ మీద కలిసేలా గోళ్ల రంగుతో ఒక గీత గీసి ఉంచితే, ఈ జిల్లాల్లో ఎక్కడికి వెళ్లినా మళ్లీ దాన్ని ముట్టుకోనక్కరలేదు.

స్టాండు మూడు కాళ్లూ విడివిడిగా పొడవు మార్చుకోగలిగేదై ఉండాలి, ఎందుకంటే మనం ఆగే నేల ఎక్కడా చదునుగా ఉండదు. వెల్డింగ్ షాపులో చేయించుకుంటే నిలువు గొట్టం మందం డిష్ బ్రాకెట్‌కు సరిపోయేలా డిష్‌ను వెంట తీసుకెళ్లి చూపించాలి. గొట్టానికి కింది కొసన ఒక కొక్కెం పెట్టించుకుంటే, గాలి ఉన్న చోట ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ నింపి దానికి వేలాడదీయవచ్చు. తాగే నీళ్ల కోసం ఎలాగూ తీసుకెళ్లే క్యాన్‌తో ఇరవై కిలోల బరువు వేరే మోయకుండా దొరుకుతుంది.

కేబుల్, కరెంటు

కేబుల్ ఆర్జీ-6 రకం, రాగి లేదా రాగి పూత తీగతో ఉన్నది తీసుకుని, కేబుల్ కొసలకు పెట్టే ఎఫ్ కనెక్టర్లను చేత్తో తిప్పి పెట్టేవి కాకుండా పనిముట్టుతో నొక్కి బిగించేవి వేయించాలి, మాటిమాటికీ విప్పి కట్టే కేబుల్‌లో ముందు పాడయ్యేది అవే. ఇరవై మీటర్ల వరకు సిగ్నల్ నష్టం గురించి బెంగపడనక్కరలేదు. ముక్కలు ముక్కలుగా అతికిన కేబుల్ కన్నా ఒకే పొడుగు ముక్క మేలు. ఎల్ఎన్‌బి దగ్గర కేబుల్‌ను కిందికి ఒక వంపు తిప్పి కడితే వాన నీరు తీగ వెంబడి కనెక్టర్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

బాక్సు అడాప్టర్ మీద అవుట్‌పుట్ 12 వోల్టులని రాసి ఉంటే దాన్ని బండి బ్యాటరీ నుంచి నేరుగా నడపవచ్చు, ఇన్వర్టర్‌తో పనిలేదు. అయితే ఇంజను నడుస్తున్నప్పుడు బండి వోల్టేజి 14 దాటుతుంది, స్టార్ట్ చేసే క్షణాన బాగా పడిపోతుంది, కాబట్టి మధ్యలో 12 వోల్టుల స్థిరీకరణ మాడ్యూల్ ఒకటి పెట్టాలి. పెద్ద బస్సుల్లో 24 వోల్టుల వ్యవస్థ ఉంటుంది, వాటికి ఇది లేకపోతే బాక్సు కాలిపోతుంది. చిన్న ఎల్ఈడీ టీవీ 30 వాట్లు, బాక్సు 15 వాట్లు తీసుకుంటాయనుకుంటే, రాత్రి మూడు గంటలు చూసేందుకు 135 వాట్ అవర్లు చాలు. వంద యాంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదన్న నియమం పెట్టుకున్నా, నాలుగు రాత్రులు గడుస్తాయి.

క్యాంపు చేరాక నిలబెట్టే తీరు

బండి నీడలో పెట్టాక డిష్‌కు చోటు వెతకాలి. ఫోన్‌లో ఉపగ్రహాల యాప్ తెరిచి కెమెరాలోంచి ఆకాశం వైపు చూస్తే ఉపగ్రహం ఉన్న చోట గుర్తు కనిపిస్తుంది, ఆ గుర్తుకూ మనకూ మధ్య ఆకు ఉండకూడదు. ఈ పనిని బండికి ఆనుకుని చేయకండి. ఇనుప బాడీ దగ్గర ఫోన్ దిక్సూచి తప్పు చూపుతుంది, నాలుగైదు మీటర్లు పక్కకు నడవాలి. మన ప్రాంతంలో అయస్కాంతపు ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా రెండు డిగ్రీలు కూడా లేదు కనుక దాన్ని వదిలేయవచ్చు. మార్చి 15 ప్రాంతంలోనూ, సెప్టెంబరు నెలాఖరులోనూ క్యాంపుకు వెళ్లినవారికి యాప్ కూడా అక్కరలేదు: ఉదయం 11, 11.15 మధ్య సూర్యుడు సరిగ్గా జీశాట్-15 ఉన్న చోటికే వస్తాడు, ఆ వేళ ఎక్కడ ఎండ తగులుతుందో అక్కడ సిగ్నల్ తగులుతుంది. ఆ నాలుగైదు రోజులు అదే వేళకు కొన్ని నిమిషాలు బొమ్మ పోవడానికీ కారణం అదే, అప్పుడు డిష్‌ను కదిలించకూడదు.

తరువాత స్టాండు. నిలువు గొట్టం నిటారుగా లేకపోతే ఆపై చేసేదంతా వృథా. మేస్త్రీలు వాడే చిన్న రసమట్టాన్ని గొట్టానికి ముందు ఒక పక్క, ఆ తరువాత దానికి అడ్డంగా ఇంకో పక్క ఆనించి, రెండు వైపులా బుడగ మధ్యకు వచ్చేదాకా కాళ్లు సరిచేయాలి. గొట్టం వాలి ఉంటే, ఒక దిక్కున 67 డిగ్రీలు చూపే బ్రాకెట్ ఇంకో దిక్కుకు తిప్పేసరికి 64 అయిపోతుంది, మనిషి అరగంట తిప్పినా ఉపగ్రహం దొరకదు.

ఇప్పుడు బ్రాకెట్‌ను 67 గీత మీద పెట్టి బిగించాలి. చూసేవారికి ప్లేటు అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు, 42 డిగ్రీలే వెనక్కి వాలినట్టు ఉంటుంది. మన ఇళ్ల మీది ప్లేట్లు ఆఫ్‌సెట్ రకం, ముఖం తిరిగిన దిశ కన్నా సుమారు 25 డిగ్రీలు పైకి చూస్తాయి. ఎదురుగా చెట్టు ఉందని డిష్‌ను జరిపేవారు, నెత్తిన కొమ్మ ఉన్నా గమనించనివారు ఈ సంగతి తెలియకే అలా చేస్తుంటారు. బ్రాకెట్ మీద గీతలు లేకపోతే ఫోన్‌లోని వాలు కొలిచే యాప్‌ను ప్లేటు అంచులకు అడ్డంగా పెట్టిన చదునైన చెక్కకు ఆనించి ఆ 42ను సరిచూసుకోవచ్చు.

ఎత్తు కుదిరాక దిక్కు. మన అక్షాంశం ఇక్కడ మనకు సాయం చేస్తుంది: ఉపగ్రహం అంత ఎత్తున ఉన్నప్పుడు, దిక్కులో 5 డిగ్రీల తప్పు జరిగినా ఆకాశంలో అది 2 డిగ్రీల తప్పు మాత్రమే అవుతుంది. అందుకే ఎత్తును పట్టుగా పెట్టుకుని, దిక్కును మెల్లగా తిప్పుకుంటూ పోవాలి. టీవీలో సిగ్నల్ పేజీ తెరిచి, ఒకరు లోపల కూర్చుని అంకెలు చెబుతుంటే బయటివారు డిష్‌ను కాస్తంత తిప్పి, రెండు మూడు సెకన్లు ఆగి, మళ్లీ తిప్పాలి. బాక్సు లెక్క కట్టుకోవడానికి ఆ కాస్త వ్యవధి పడుతుంది, గబగబా తిప్పేవారు ఉపగ్రహాన్ని దాటేసి వెళ్లిపోతారు. పేజీలో రెండు పట్టీలుంటాయి. స్ట్రెంగ్త్ అన్నది ఎల్ఎన్‌బికి కరెంటు అందినా చూపిస్తుంది కనుక దాన్ని చూసి సంబరపడవద్దు, పెరగవలసింది క్వాలిటీ.

సిగ్నల్ దొరికితే కీచుమనే చవక ఫైండర్ మీటరును నమ్మేవారికి ఒక హెచ్చరిక. జీశాట్-15 ఉన్న 93.5 డిగ్రీల రేఖాంశానికి ఒక పక్క 91.5లోనూ, ఇంకో పక్క 95లోనూ వేరే డీటీహెచ్ ఉపగ్రహాలున్నాయి, మీటరు మూడింటికీ ఒకేలా కూస్తుంది. ఏది ఏదో బాక్సే చెప్పగలదు. అన్నిటికన్నా నమ్మదగిన మీటరు దగ్గరి ఊళ్లోని ఇంటి కప్పు. అదే కంపెనీ ప్లేటు అక్కడ ఎటు తిరిగి, ఎంత వాలి ఉందో చూసి వచ్చి, మన ప్లేటును దానికి సమాంతరంగా పెడితే సగం పని అయినట్టే. చిత్తూరు, తిరుపతి, మదనపల్లె, కుప్పం చుట్టుపక్కల ఎక్కడికి వెళ్లినా జీశాట్-15 ఎత్తు 66, 67 డిగ్రీల మధ్యనే ఉంటుంది కనుక బ్రాకెట్ మీద ఒక్క గుర్తు పెట్టుకుంటే చాలు. హైదరాబాదు దాకా వెళ్తే 63కు దించాలి.

క్వాలిటీ గరిష్ఠానికి వచ్చాక బోల్టులను ఒక్కొక్కటిగా, పట్టీని చూస్తూ బిగించాలి, చివరి చుట్టు బిగింపులోనే ప్లేటు ఒక డిగ్రీ జరిగిపోవడం మామూలే. ఆ తరువాత ఎల్ఎన్‌బిని ఇటూ అటూ కొద్దిగా తిప్పి చూస్తే ఇంకో నాలుగు అంకెలు పెరగవచ్చు.

తలకోనలోనూ హార్సిలీ హిల్స్‌లోనూ కోతులున్నాయి. నేల మీద వదులుగా పడి ఉన్న నల్ల కేబుల్ వాటికి మంచి ఆటవస్తువు కనుక, దాన్ని అక్కడక్కడా రాళ్ల కింద తొక్కిపెట్టి, బండి దగ్గర కాస్త వదులు ఉంచి కట్టాలి. స్టాండును మనుషులు నడిచే దారికి పక్కగా పెట్టి, చీకట్లో తట్టుకోకుండా కాళ్లకు తెల్లగుడ్డ చుట్టాలి. కౌండిన్య అభయారణ్యం వైపు, పలమనేరు, కుప్పం అడవుల అంచుల్లో ఏనుగుల సంచారం ఉంటుంది. అక్కడ అటవీ శాఖ అనుమతించిన చోటే ఆగి, రాత్రిపూట డిష్ సర్దడానికి బయటకు దిగకుండా, వెలుగుండగానే పని ముగించుకోవాలి.

జోరువానలో బొమ్మ పోతే డిష్‌ను ముట్టుకోనక్కరలేదు, వాన తెరిపిస్తే అదే వస్తుంది. ఉరుములు మెరుపులు మొదలైతే మాత్రం బొమ్మ బాగా వస్తున్నా సరే, బాక్సు వెనక నుంచి కేబుల్‌ను విప్పి, కొసను కిటికీ బయట పడేయాలి. బయలు ప్రదేశంలో నిలబెట్టిన ఇనుప స్టాండు ఆ కేబుల్ ద్వారా బండి లోపలికి, బ్యాటరీ దాకా కలిసి ఉందన్న సంగతి మరువకూడదు. ఉరుము ఆగి అరగంట గడిచాక తిరిగి తగిలించుకోవచ్చు.